దీక్షలో వైన్స్ బిల్లు

నాచారంలో నేను పనిచేసిన కంపెనీ మందు సీసాలకు మూతలు తయారు చేసేది. ఏం పని అని ఎవరైనా అడిగితే "మందు సీసాలకు మూతలేసే పని" అనేవాణ్ణి. అవతలి మొహంలో ఒక్కసారిగా ఆత్మీయత పొంగేది. దగ్గు మందు అని చెప్పగానే అంతే వేగంగా చల్లారేది. అసలు మందుతో నాకు పరిచయం లేదని కాదు. వారమంతా మూతలు వేసినవాడు శనివారం సాయంత్రం ఒక్కటి తీస్తే తప్పేమిటని నా వాదన. తాగితే పాడతానని మా ఆవిడ వాదన. అవి పాటలేనని నేను. కావని ఉప్పల్‌లో మా ఎదురింటివాళ్ళు.

ఆ కచేరీకి మంగళం పాడించడానికే ఆ ఏడు కార్తీకంలో మా ఆవిడ నాతో అయ్యప్ప మాల వేయించింది. ఆమె పథకం సూటిగా ఉంది. మండల దీక్ష పొడుగునా నేను ముట్టను. ఆ తర్వాత కొండెక్కి, ఇక ఎప్పటికీ ముట్టనని స్వామి ముందు మాటిచ్చి దిగుతాను. "నాకు చెప్పిన మాట మీరు మస్తు సార్ల తప్పిన్రు. గాయనకు చెప్పి సూడుండ్రి" అంది. నాకన్నా దేవుడి మీదే ఆమెకు నమ్మకం ఎక్కువ. అందులో నేను నొచ్చుకోవడానికేమీ లేదు, నాకూ అంతే.

అలా నేను కన్నెస్వామినయ్యాను. మొదటిసారి మాల వేసుకున్నవాణ్ణి అలా అంటారు. నల్ల లుంగీ, నల్ల చొక్కా, ఒంటి పూట భోజనం, చన్నీళ్ళ స్నానం. అందరూ స్వామీ అనడం మొదలుపెట్టారు. ఆఫీసులో మా మేనేజరు కూడా "ఏంది స్వామీ, మూతల లెక్క గిట్ల తప్పిన్రు?" అని గౌరవంగా తిట్టేవాడు. మాలలో ఉన్నవాణ్ణి తిట్టకూడదు గనక ఇంట్లో తిట్లన్నీ నిలవ ఉంటున్నాయని, మాల తీయగానే వాయిదాల మీద వసూలవుతాయని నాకు తెలుసు.

వాయిదాలంటే కార్డు గుర్తొస్తుంది. ఆ రోజుల్లో టై కట్టుకున్న మనుషులు ఫ్యాక్టరీ గేట్ల దగ్గర నిలబడి క్రెడిట్ కార్డులు పంచేవారు, పెళ్ళిళ్ళలో పన్నీరు చల్లినట్టు. క్రెడిట్ అంటే పరపతి అని నిఘంటువు చెబుతుంది, అప్పు అని బ్యాంకు చెబుతుంది. నేను నిఘంటువును నమ్మి సంతకం పెట్టాను. కార్డు వచ్చింది గానీ గీకించుకోవడానికి చోటు దొరకలేదు. మా కిరాణా కొట్లో చూపిస్తే షావుకారు అటూ ఇటూ తిప్పి, "ఫోటో లేదేంది?" అని తిరిగిచ్చేశాడు.

చివరికి దాని జన్మ తరించింది మా ఇంట్లో పడిపూజ పెట్టుకున్నప్పుడు. పీఠం ముందు పెట్టడానికి మోకాలెత్తు ఇత్తడి దీపం, వచ్చే స్వాములకు సాంబారు వడ్డించడానికి స్టీలు బకెట్లు కావలసి వచ్చాయి. ఉప్పల్ మెయిన్ రోడ్డు మీద స్టీలు సామాన్ల దుకాణంలో బేరమాడి మూడున్నర వేలకు తెగ్గొట్టాను. కౌంటర్లో నాలాగే నల్లబట్టల్లో ఉన్న స్వామి ఒకాయన కూర్చుని ఉన్నాడు. కార్డు తీశాను. ఆయన మిషన్‌లో గీకి చీటీ ముందుకు తోశాడు. అందులో ఏముందో చదవకుండా, జీవో మీద మంత్రిగారిలా సంతకం పెట్టాను. బకెట్లు చెరోచేతా పట్టుకుని, దీపాన్ని చంకలో ఇరికించుకుని షేర్ ఆటో ఎక్కాను.

పడిపూజ బ్రహ్మాండంగా జరిగింది. కొన్నాళ్ళకు స్టేట్‌మెంట్ వచ్చింది.

మా ఇంట్లో కవర్లు విప్పే శాఖ మా ఆవిడది. ఆమె చదవకుండా ఏ కాగితాన్నీ వదలదు, మిరపకాయ బజ్జీల పొట్లాన్ని కూడా. సాయంత్రం నేను స్నానం చేసి పీఠం ముందు కూర్చోబోతుంటే పిలిచింది.

"స్వామీ, జర ఇటు రాండ్రి. గిదేంది?"

కాగితం మీద ఒకే ఒక్క లావాదేవీ ఉంది. మూడు వేల అయిదు వందల డెబ్బై రూపాయలు. ఎదురుగా షాపు పేరు. మొదటి సగం ఒక అమ్మవారి పేరు. రెండో సగం వైన్స్. ఆ తర్వాత ఉప్పల్.

"నేను కాదు" అన్నాను. తప్పు చేసినవాళ్ళూ చేయనివాళ్ళూ మొట్టమొదట ఈ మాటే అంటారు గనక దీనికి విలువ తక్కువ.

"మీరు తాగలేదని నాకెర్కే స్వామీ. తాగితే పాడుతరు. ఇంతవరకు ఎదురింటోళ్ళు కంప్లయింటు చెయ్యలే." నా గుండె తేలికపడేలోపే ఆమె రెండో మాట అంది. "మీరు తాగలే. మరి గింత మందు ఎవలకు తాగిచ్చిన్రు?"

సరిగ్గా అప్పుడు మేడ మీద గదిలోంచి బావమరిది దిగాడు. మా ఆవిడ తమ్ముడు. నాచారంలోనే ఒక లేత్ వర్క్‌షాపులో పని, మా ఇంట్లో భోజనం. కాగితం లాక్కుని చదివి, మెట్ల మీదే కూలబడి నవ్వాడు.

"వామ్మో, బావా! మాలేసుకొని మూడున్నర వేల సరుకా? మామూలుగ ఉన్నప్పుడు నాకు సోడా గూడ తాగియ్యవు గదా!"

"స్వామీ అనాలె" అంది వాళ్ళక్క.

"స్వామి బావా, నా వాటా ఏది?"

మా ఆవిడ కళ్ళు కాగితం మీంచి తమ్ముడి మీదికి, తమ్ముడి మీంచి మేకుకు వేలాడుతున్న నా ప్యాంటు జేబు మీదికి మళ్ళాయి. నా కళ్ళూ అదే దారిలో వెళ్ళాయని ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగానే ఉంది. అది గమనించి అతను నవ్వడం ఆపేశాడు.

"నన్నేంది గట్ల సూస్తున్రు? గా కార్డుకు ఏ దిక్కు గీత ఉంటదో గూడ నాకు తెల్వదు!"

బ్యాంకుకు ఫోన్ చేశాను. ఇంగ్లీషుకు ఒకటి, హిందీకి రెండు, తెలుగుకు మూడు నొక్కమన్నారు. మూడు నొక్కాక చాలాసేపు వేణువు వినిపించి, ఆ తర్వాత ఒకమ్మాయి పాఠ్యపుస్తకంలోంచి మాట్లాడింది.

"కార్డు ప్రస్తుతం తమరి వద్దనే ఉన్నదా సర్?"

"ఉంది."

"దానిని ఎవరికైనా ఇచ్చియున్నారా?"

"లేదు."

"మరి లావాదేవీ ఏ విధముగా జరిగినది సర్?"

"అదే నేను మిమ్మల్ని అడుగుతున్నానమ్మా."

"మీ ప్రశ్నను నమోదు చేసుకున్నాను సర్. మరేదైనా సహాయం కావలెనా?"

కార్డు ఆపేశారు. వివాద పత్రం ఒకటి పంపారు. "సదరు వ్యాపార సంస్థతో నాకు ఎటువంటి సంబంధమూ లేదు" అని అందులో ముందే అచ్చేసి ఉంది. నా జీవితంలో నేను పూర్తిగా చదివి సంతకం పెట్టిన మొదటి కాగితం అదే. పోస్టులో వేసి, గెలిచినట్టే భావించాను.

మా ఆవిడ భావించలేదు. "బ్యాంకోళ్ళు ఎప్పుడు చెప్తరో ఏమో. ఆ వైన్స్‌కే పోయి అడగరాదుండ్రి?" అంది.

చెప్పడం తేలికే. నల్లబట్టలు కట్టుకుని, నుదుటన గంధం పెట్టుకుని వైన్స్ షాపు కౌంటర్ ముందు నిలబడి "నా బిల్లు గురించి మాట్లాడాలి" అనడానికి ఎంత భక్తి ఉండాలి? అందుకని బావమరిదిని వెంటబెట్టుకుని వెళ్ళాను. తన నిర్దోషిత్వం నిరూపించుకోవాలని అతనూ ఉత్సాహంగానే వచ్చాడు. షాపు లోపలికి అతన్ని పంపి, రోడ్డుకు ఇవతల సోడా బండి పక్కన నేను నిలబడ్డాను. సాయంత్రం షిఫ్టు వదిలిన వేళ. వైన్స్ ముందు జనం తిరునాళ్ళలా ఉన్నారు. దారిన పోయే ఒకాయన నన్ను ఆపాదమస్తకం చూసి ఆదరంగా అన్నాడు.

"ఇంక కొన్ని దినాలే గదా స్వామీ. జర ఓర్సుకోండ్రి."

బావమరిది ఒక చేతిలో సమాచారం, ఇంకో చేతిలో పొట్లం చుట్టిన సీసాతో వచ్చాడు.

"అదేంటి?"

"ఉత్తగ అడిగితే చెప్తరా బావా? గిరాకీ లెక్క పోవాలె. క్వార్టరే, ఫికర్ జెయ్యకు. గిది విను ముందు. ఆ షాపుల కార్డు మిషనే లేదంట! పైసలు తప్ప ఏం తీస్కోరంట. కౌంటర్ల కూసున్న తమ్ముడు నా మొగం మీదనే చెప్పిండు."

మిషన్ లేని షాపు నా కార్డును గీకింది. నేను నోరు తెరిచి ఆ సంగతి ఆలోచిస్తుండగా, మా ఇద్దరి మధ్యా అతను సీసాను చేయి మార్చుకుంటుండగా, రామంతాపూర్ వెళ్ళే షేర్ ఆటో ఒకటి మా ముందు ఆగింది. డ్రైవర్ పక్కన సగం బయటికి వేలాడుతూ మా గురుస్వామి కూర్చుని ఉన్నాడు. ఆయన నన్ను చూశాడు. సీసాను చూశాడు. ఎదుటి వైన్స్ బోర్డు నా వెనక సోడా బండి అద్దంలో వెలుగుతుంటే అదీ చూశాడు. ఆటో కదిలింది.

గురుస్వామి రిటైరైన రైల్వే గార్డు. బెజవాడ వైపు మనిషి. మా బృందం టికెట్లన్నీ ఆయన సంచిలోనే ఉన్నాయి. అంతకన్నా ముఖ్యం, ఇరుముడి కట్టేది ఆయనే. కొండకు నెత్తిన పెట్టుకుపోయే ఆ రెండరల మూట గురుస్వామి చేత్తో కడితేనే ప్రయాణం. లేకపోతే లేదు. మర్నాడు పొద్దున భజనకు వెళితే నన్ను పక్కకు పిలిచాడు.

"స్వామీ, ముప్పయ్యేళ్ళు బండి వెనక నిలబడి పచ్చజెండా ఊపానండీ. అనుమానం ఉన్న బండికి ఒక్కనాడూ ఊపలేదు. నిన్న నేను చూసిందేంటో మీరు చెప్పండి."

చెప్పాను. స్టేట్‌మెంట్ గురించీ చెప్పాను. నిజాయితీ కొద్దీ చెప్పిన ఆ రెండో విషయం ఆయనకు అప్పటిదాకా తెలియదని చెప్పాక అర్థమైంది.

"అంటే బిల్లు కూడా ఉందన్నమాట" అన్నాడాయన మెల్లగా. "చూడండి స్వామీ, మీరు తాగారని నేననను. కానీ ఇది తేలేదాకా మీ ఇరుముడి కట్టలేను. ఆదివారం అందరికీ కడతాను. ఈలోపు తేల్చుకురండి. లేదంటే మాల ఇక్కడే తీసేద్దురుగాని."

ఇంటికొచ్చి మా ఆవిడకు చెబితే పొయ్యి ముందు చాలాసేపు మాట్లాడకుండా కూర్చుంది. ఆమె మండలమంతా నాతోపాటు తెల్లవారకముందే లేచింది. నా ఒంటిపూట వంటకోసం వేరే గిన్నెలు కడిగింది. ఇంత చేసింది నేను కొండమీద చెప్పబోయే ఒక్క మాట కోసం. ఆ మాట చెప్పడానికే నాకు దారి లేకుండా పోతోంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. మాల అడ్డం.

ఆ నిశ్శబ్దం భరించలేక ఏదో ఒక మంచి వార్త చెబుదామనుకున్నాను.

"ఒకందుకు నయం. ఆ దీపం, బకెట్ల బిల్లు అసలు రానేలేదు. స్టీలు దుకాణంవాళ్ళు మర్చిపోయారో ఏమో. దేవుడి దీపం గదా, దేవుడే కట్టుకున్నాడు."

ఆమె తల తిప్పింది. "ఏమన్నరు?"

"దీపం బిల్లు రాలేదన్నాను."

"కార్డు మీద కొన్నరా దీపం?"

"అవును."

"ఆ సంగతి నాకు ఇప్పుడా చెప్పేది? మూడున్నర వేలు గదా దీపం, బకెట్లు?"

"అవును. ఇది మూడు వేల అయిదు వందల డెబ్బై. వేరే."

మా ఆవిడ నన్ను చూసిన చూపులో నిలవ ఉన్న తిట్లన్నీ ఒకేసారి కనిపించాయి. "స్వామీ, మన బిల్లు రాలే. మనది కానిది వచ్చింది. రెండు సంగతులు మీకు ఒక్కచోట కనవడ్తలేవా? లెవ్వుండ్రి. చెప్పులేస్కొ—" నాకు చెప్పులు లేవని గుర్తొచ్చి ఆగింది. "గట్లనే రాండ్రి."

స్టీలు దుకాణానికి వెళ్ళాం. అప్పుడు చూశాను, వైన్స్ దాని పక్క షాపే. సోడా బండి దగ్గర నిలబడ్డనాడు ఆ జనం మధ్య పక్కన ఏముందో గమనించనేలేదు. దీపం కొన్ననాడు కూడా అది అక్కడే ఉండి ఉండాలి. మాల వేసుకున్న కొత్తలో వైన్స్ బోర్డులు చూడకూడదని నేను మెడ అటు తిప్పలేదు. మరీ అంత నిష్ఠ పనికిరాదు.

కౌంటర్లో అదే నల్లబట్టల స్వామి ఉన్నాడు. పక్కన అదే మిషన్. మా ఆవిడ స్టేట్‌మెంట్ ఆయన ముందు పరిచింది.

"స్వామీ, మేం దీపం కొన్నం. మాకు మందు బిల్లొచ్చింది. గిదేంది?"

ఆయన కాగితం చూసి ఏమాత్రం తొణకలేదు. "గిది మా షాపే మాతా. పక్కన వైన్స్ నాది. గీ స్టీల్ దుకాణం మా తమ్మునిది."

"మరి మీరిక్కడ?"

"మాలల ఉన్న గదా మాతా! మాలేసుకొని మందు కౌంటర్ల ఎట్ల కూసుంట? అందుకే ఏడాదికోపారి దుకాండ్లు మార్చుకుంటం. మాల తీసేదాంక తమ్ముడు నా దుకాండ్ల, నేను వాని దుకాండ్ల."

"మిషన్?"

"మిషన్ నాతోనే తెచ్చుకున్న. బ్యాంకు నా పేరు మీద ఇచ్చింది, వాని చేతుల పెడ్తనా? సొంత తమ్ముడైతే మాత్రం!"

"మరి డెబ్బై రూపాయలు?"

"కార్డుకు వందకు రెండ్రూపాయలు ఎక్కువ. బ్యాంకోళ్ళు మా దగ్గర గుంజుతరు, మేం మీ దగ్గర గుంజుతం."

మా ఆవిడ మిషన్ మీద అంటించిన చిన్న చీటీ చదివింది. అమ్మవారి పేరు, వైన్స్, ఉప్పల్. ఆ తర్వాత నా వైపు తిరిగి, "మీరు సంతకం పెట్టిన కాయితం మీద గూడ ఇదే ఉండె గదా స్వామీ" అంది. "స్వామీ" అన్న మాటను అంత ఘాటుగా వాడవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.

"ఈ ఏడాది మస్తుమంది వచ్చిన్రు ఇట్లనే" అన్నాడా స్వామి ప్రశాంతంగా. "అంబర్‌పేట నుంచి ఒకాయన పెండ్లానికి గిన్నెలు కొనిచ్చిండు. ఆమె వారం దినాలు మాట్లాడలేదంట, అదే గిన్నెల్ల వండుకుంట."

తేలింది. తేలినదాన్ని బ్యాంకుకు చెప్పాలి. ఇంటికి తిరిగొచ్చే షేర్ ఆటోలో మోకాళ్ళు ఇరికించుకుని కూర్చుని ఫోన్ చేశాను. చుట్టూ జనం. మూడు నొక్కాను. వేణువు. పాఠ్యపుస్తకం.

"వివాదమును ఉపసంహరించుకొనుటకు తమరు ధ్రువీకరించవలెను సర్. ఈ కాల్ రికార్డు చేయబడుచున్నది. సదరు వైన్స్ నందలి లావాదేవీ తమరిదేనా?"

"అవునమ్మా" అన్నాను మెల్లగా.

"సరిగా వినబడుటలేదు సర్."

ఆటో గతుకుల్లో గంతేసింది. నేను అరిచాను. "అవును! ఉప్పల్ వైన్స్‌లో ఆ బిల్లు నాదే!"

నా పక్కన కూరగాయల సంచి పట్టుకున్న పెద్దావిడ ఒకామె నా మాలను చూసి, సంచిని ఒళ్ళోకి లాక్కుని, ఉన్న కాస్త చోటులోనే అవతలికి జరిగింది. మా ఆవిడ నన్ను ఎరగనట్టు బయటికి చూస్తూ, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. స్టేట్‌మెంట్ వచ్చాక ఆమె నవ్వడం అదే మొదటిసారి. ఆ నవ్వు కోసం ఇంకో రెండుసార్లు అరవమన్నా అరిచేవాణ్ణి.

ఆదివారం పొద్దున మేం భజన చేసుకునే సన్నిధానానికి వైన్స్ స్వామి స్వయంగా వచ్చాడు. సాక్ష్యం చెప్పమని నేను బతిమాలాను. "దానికేముంది స్వామీ, గిరాకీ కోసం ఏమైన చేస్తం" అన్నాడు. గురుస్వామి చాప మీద కూర్చుని అంతా విన్నాడు. నా సంగతి రెండు నిమిషాల్లో ముగిసింది. ఆ తర్వాత ఆయన కళ్ళజోడు సర్దుకుని సాక్షి వైపు తిరిగాడు.

"మీ దీక్ష సంగతేంటి స్వామీ? షాపు నడుస్తూనే ఉందిగా?"

"నేను సీసా ముట్టలే గురుస్వామీ. తమ్ముడే అమ్ముతుండు."

"లాభం?"

"అది... మాల తీసినంక చూసుకుంట."

గురుస్వామి చాప మీద కాస్త ముందుకు జరిగాడు. "బండిని డ్రైవరే నడుపుతాడండీ. గార్డు చెయ్యి కూడా పెట్టడు. అయినా బండి ఢీకొడితే రిపోర్టులో ఇద్దరి పేర్లూ రాస్తారు." వైన్స్ స్వామి తల దించుకున్నాడు. గురుస్వామి నిట్టూర్చి, "మీది వేరే బృందం. మీ గురుస్వామి చూసుకుంటారు. మనమెందుకు" అని నా మూటకోసం చెయ్యి చాపాడు.

ఇరుముడి కట్టేటప్పుడు అయినవాళ్ళందరూ తలా గుప్పెడు బియ్యం మూటలో పోస్తారు. మా ఆవిడ పోసింది, పోస్తూ నా కళ్ళలోకి చూసింది. కొండమీద చెప్పాల్సిన మాట గుర్తుందా అని. బావమరిది పోశాడు. నా జేబులోని కార్డు అతనే తీశాడని అనుమానించినందుకు చూపుతోనే క్షమాపణ చెప్పబోతే, "నాకు సోడా బాకీ ఉన్నవ్ బావా" అని గొణిగాడు. వాళ్ళ వెనక ఇంకో చెయ్యి వచ్చింది. నాకు ఎటువంటి సంబంధమూ లేదని నేను చదివి మరీ సంతకం పెట్టిన సదరు వ్యాపార సంస్థ, గుప్పెడు నిండా బియ్యం పట్టుకుని శరణం చెబుతూ నిలబడింది.

కొండెక్కాను. మాట చెప్పాను. జనం తోపులాటలో స్వామి నన్ను చూసింది ఒక్క క్షణమే. ఆ క్షణంలో ఎంత వినిపించిందో నాకు తెలియదు.

దిగొచ్చి మాల తీశాక మొదటి శనివారం బావమరిది మేడ మీంచి దిగి నా ముందు నిలబడ్డాడు. "దీక్ష అయిపాయె గదా బావా?" అన్నాడు ఆశగా. చిత్తశుద్ధితో నిరాకరించానని రాసుకుంటే బాగుంటుంది గానీ, అలా జరగలేదు. కాళ్ళు అటే నడిచాయి. వైన్స్ ముందుకు వెళ్ళేసరికి అన్నదమ్ములు మళ్ళీ ఎవరి దుకాణాల్లో వాళ్ళు ఉన్నారు. కౌంటర్లోంచి ఆయన నన్ను చూసి, జనం తలల మీదుగా రెండు చేతులూ ఎత్తి గట్టిగా కేకేశాడు.

"స్వామీ! శరణం! మన దీపం మంచిగ వెలుగుతుందా?"

వరసలో ఉన్నవాళ్ళంతా తిరిగి నన్ను చూశారు. ఒకాయన దండం కూడా పెట్టాడు. "మంచిగనే ఉంది స్వామీ" అని చెప్పి పక్క షాపులోకి తిరిగి, అవసరం లేకపోయినా ఒక గరిటె కొనుక్కుని ఇంటికొచ్చాను. నగదు ఇచ్చే. ఆ తర్వాత రెండుమూడు శనివారాలు అదే జరిగింది. ఇంట్లో గరిటెలు పెరిగాయి. మానేశానని చెప్పుకుంటే గొప్పగా ఉంటుంది గానీ, కొనుక్కునే చోట పరువు ఎక్కువైపోయిందన్నదే సరైన మాట. మా ఆవిడ మాత్రం అంతా కొండమీది స్వామి మహిమ అంటుంది. నేను కాదనను.

ఆ దీపం ఇప్పటికీ మా ఇంట్లో రోజూ వెలుగుతుంది. సాయంత్రమైతే వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినిపిస్తుంది. కొత్తగా వచ్చిన చుట్టాలు ఉలిక్కిపడి నా వైపు చూస్తారు.

"ఇగో, ఇంటున్రా? వైన్స్ దీపంల నూనె అయిపోయింది, జర పొయ్యుండ్రి."